మన పిల్లల నోటికి తాళం వేసింది ఎవరు?

గత ఏడాది ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు ముగిసిన తరువాత, కడపలో మా సేవా సంఘం సమావేశమయ్యే గదికి ఒక యువకుడు వచ్చాడు. బి.టెక్. పూర్తి చేసి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, క్యాట్ పరీక్ష రాసిన పిల్లవాడు. దేశంలో పేరున్న ఒక మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ నుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందని ఫోనులో ఉత్తరం చూపించాడు. తండ్రిది తుక్కు వ్యాపారం. మాకు తెలిసినంతలో మా పేటలో అలాంటి పిలుపు అందుకున్న మొదటి పిల్లవాడు అతడే. ఆ సమయానికి గదిలో ఐదుగురు పెద్దలం ఉన్నాం. టీ వచ్చింది. సలహాలు మొదలయ్యాయి.

"గడ్డం కాస్త తగ్గించుకో బేటా." "మైనారిటీ స్కాలర్‌షిప్పుతో చదివానని చెప్పకు." "నాన్న ఏం చేస్తారని అడిగితే బిజినెస్ అను, తుక్కు అనకు." "మస్జిద్ ఆవరణలో పిల్లలకు లెక్కలు చెబుతావు కదా, ఆ మాట అసలే ఎత్తకు. ఎవరికి ఏ అనుమానం వస్తుందో ఏమో."

ఈ చివరి సలహా మాదే. ముప్పై ఆరేళ్ళు ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసిన అనుభవాన్నంతా రంగరించి ఇచ్చాం. సిగ్గుతో ఒప్పుకుంటున్నాం.

పిల్లవాడు పెద్దల మాట జవదాటలేదు. గడ్డం తగ్గించుకున్నాడు, కొత్త చొక్కా కొనుక్కున్నాడు, వెళ్ళాడు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగారట. "బిజినెస్ సార్." "ఏ బిజినెస్?" "జనరల్ బిజినెస్ సార్." అక్కడ ఒకాయన చిన్నగా నవ్వాడట. తీరిక వేళల్లో ఏం చేస్తావని అడిగితే పుస్తకాలు చదువుతానన్నాడు. ఈ మధ్య ఏది చదివావని అడిగేసరికి నోట మాట రాలేదు. మీ ఊరి ప్రత్యేకత ఏమిటన్నారు. పెద్ద దర్గా పేరు నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. మీ జిల్లాలో ప్రపంచమంతా ఎరిగిన ఖనిజం ఒకటుంది కదా అని వాళ్ళే అందించారు. అదీ చెప్పలేకపోయాడు. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటని, చమురు బావులు తవ్వేటప్పుడు ఆ రాయి పొడి వాడతారని అతనికి ఎవరూ చెప్పలేదు. గడ్డం గురించి చెప్పడానికి ఐదుగురం ఉన్నాం, ముగ్గురాయి గురించి చెప్పడానికి ఒక్కరమూ లేకపోయాం.

సీటు రాలేదు.

తరువాత ఒకరోజు ఆ పిల్లవాడి దుకాణానికి వెళ్ళి కూర్చున్నాం. ఇనుము, బీడు, రాగి, ఇత్తడి, అల్యూమినియం వేటికవి వేరుచేసి పోసి ఉన్నాయి. సైకిళ్ళ మీద తెచ్చి పోసేవారికి రొక్కం ఆ పూటే ఇవ్వాలి. రోలింగ్ మిల్లు నుండి డబ్బు రావడానికి వారాలు పడుతుంది. ఈ మధ్యలో పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలి, ధర పడిపోతుందనిపిస్తే సరుకు నిలపాలా వదిలించుకోవాలా, జీఎస్టీ బిల్లు లేని సరుకు విషయంలో ఏం చేయాలి, ఇదంతా ఆ పిల్లవాడు పదో తరగతి నుండి తండ్రి పక్కన కాటా దగ్గర నిలబడి చూసినవాడు. లెక్కల పుస్తకం రాసేదీ అతడే. మేనేజ్‌మెంట్ సంస్థలో రెండేళ్ళపాటు వర్కింగ్ క్యాపిటల్ అని, ఇన్వెంటరీ అని బోర్డు మీద నేర్పే విషయం ఇదే కదా! ఆ గదిలో అడుగుపెట్టిన అభ్యర్థులలో ఎంతమంది దాన్ని చేతులతో చేసి ఉంటారు? అతని దగ్గర ఉన్న ఏకైక ధనాన్ని దాచిపెట్టుకోమని చెప్పి పంపింది మేము.

అందుకే ఈ వ్యాసం. మన సంఘాలలో, ఇళ్ళలో, మస్జిద్ మెట్ల మీద ప్రతి సంవత్సరం జనవరి నుండి ఏప్రిల్ దాకా పంచిపెట్టే ఈ "దాచుకో" అనే సలహా మీద మాకు ఫిర్యాదు ఉంది. ఆ ఫిర్యాదులో మొదటి ముద్దాయిలం మేమే గనుక మాట కొంచెం కటువుగా ఉన్నా పెద్దలు మన్నించాలి.

దాచడం వల్ల ఏం దాగుతుంది? దరఖాస్తు మొదటి వరుసలోనే పేరు ఉంటుంది. తండ్రి పేరు దాని కిందే ఉంటుంది. అభ్యర్థి తలుపు తట్టక ముందే అతని పేరు బల్ల మీద పరచి ఉంటుంది. పేరు దాచలేనివాడు గడ్డం దాచి సాధించేదేమిటి? వివక్ష చూపదలచినవాడికి పేరు చాలు. చూపదలచుకోనివాడికి గడ్డం అడ్డు కాదు. ఈ రెండు రకాల మనుషుల మధ్య మన సలహాకు చోటెక్కడ?

వివక్ష లేదని మేము అనడం లేదు. అలా అనేవారితో మాకు పేచీ ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ అనే ఇద్దరు పండితులు ఒకే స్థాయి అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. ముస్లిం పేరు ఉన్న దరఖాస్తులకు పిలుపులు గణనీయంగా తగ్గాయి. 2007లో ప్రచురితమైన ఆ అధ్యయనాన్ని కాదనగలిగినవారు తక్కువ. సచార్ కమిటీ 2006 నివేదిక ప్రకారం 2004-05, 2005-06 విద్యా సంవత్సరాలలో ఐఐఎంలలో ఉన్న 4,743 మంది విద్యార్థులలో ముస్లింలు 63 మంది, అంటే 1.3 శాతం. అప్పటి జనాభాలో మన వాటా 13.4 శాతం. ఇటీవలి లెక్క తీసుకున్నా, 2020-21 ఉన్నత విద్య సర్వేలో దేశంలోని మొత్తం విద్యార్థులలో ముస్లింలు 4.6 శాతం మాత్రమే. అంతకుముందు ఏడాదికంటే సుమారు 8 శాతం తగ్గారు. పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో కేంద్రం ఆపివేసింది. ఈ లెక్కలన్నీ మనకు తెలుసు. సభల్లో చదువుతాం, చప్పట్లు కొడతాం.

అయితే ఈ లెక్కలనే అడ్డం పెట్టుకుని "మనవాళ్ళకు ఎలాగూ ఇవ్వరు" అని ఇంట్లో కూర్చోబెట్టే వారిని ఏమనాలి? మన పిల్లల్ని బయటివారు తిరస్కరించకముందే మనమే తిరస్కరిస్తున్నాం. వివక్ష ఉన్నచోటికి వెళ్ళేవాడికి రెండింతల తయారీ కావాలి. మనం ఇస్తున్నది సగం తయారీ, దానికి తోడు రెండింతల భయం.

మాకు ఇంటర్వ్యూ గది లోపలివైపు నుండి తెలుసు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎంపిక కమిటీల ముందు ఫైళ్ళు అందించి, మార్కుల పట్టీలు రాసే పని మాకు పడేది. మూలన ఒక చిన్న బల్ల, దాని వెనుక మేము. అక్కడ చూసింది చెబుతాం. కమిటీ సభ్యులు దరఖాస్తు చదివేది అభ్యర్థి తలుపు తెరుచుకుని వచ్చి కుర్చీలో కూర్చునేలోపే. అందుచేత మొదటి ప్రశ్న ఎప్పుడూ అందులో కంటపడిన ఏదో ఒక మాట మీదే ఉంటుంది. ఊరు, కాలేజీ, తండ్రి వృత్తి, చదువులో మధ్యలో పోయిన ఒక సంవత్సరం. మధ్యాహ్నం భోజనాల తరువాత సభ్యులకు కళ్ళు మూతలు పడేవి. ఎవరైనా తాను నిజంగా చేసిన పని గురించి చెప్పడం మొదలుపెడితే మాత్రం కుర్చీలు ముందుకు జరిగేవి. ఒకసారి కుమ్మరి ఇంటి పిల్లవాడొకడు ఆవం ఎలా పేరుస్తారో, ఏ కుండ ఎక్కడ పెడితే పగలదో చెబుతుంటే అడిగేవాళ్ళు టీ మరచిపోయారు. మన పిల్లలు వచ్చినప్పుడు మాత్రం "ఎస్ సార్, నో సార్" తప్ప పట్టీలో రాసుకోవడానికి ఏమీ దొరికేది కాదు. మేము లోలోపల ఉడికిపోయేవాళ్ళం. నోరు విప్పే హక్కు గుమాస్తాకు లేదు.

తెలివి లేకనా? కాదు. ఆ పిల్లల్ని అంతవరకు ఎవరూ "నీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగి ఉండరు. మన ఇళ్ళలో పెద్దలు మాట్లాడుకునేటప్పుడు పిల్లవాడు దగ్గరికొస్తే "చుప్ బైఠో" అంటాం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చిన పిల్లవాడు మూడింటిలోనూ వినడమే నేర్చుకున్నాడు. అక్క పెళ్ళి ఖర్చు ఎంత పెట్టాలో, దుకాణానికి అప్పు తేవాలో వద్దో, ఇంటిల్లిపాదికీ సంబంధించిన ఏ నిర్ణయంలోనూ అతని మాట అక్కర్లేదు. ఇరవై మూడేళ్ళు అలా పెంచి, ఒక ఉదయం ముగ్గురు అపరిచితుల ముందు కూర్చోబెట్టి ధారాళంగా మాట్లాడమంటే ఎక్కడినుంచి వస్తుంది? ఇంగ్లీషు రాక పోయిందని సర్దిచెప్పుకుంటాం. ఇంగ్లీషు ఒక సాకు.

సామూహిక చర్చ సంగతి ఇంకా దారుణం. ఐఐఎంలలో చాలా వరకు దాన్ని వదిలి వ్రాతపూర్వకమైన పరీక్ష పెడుతున్నా, ఇతర మేనేజ్‌మెంట్ సంస్థలలో కొన్నింటిలోనూ, ఉద్యోగాల ఎంపికలోనూ ఇంకా కొనసాగుతూనే ఉంది. ఎనిమిది, పది మందిని వలయంగా కూర్చోబెట్టి ఒక అంశం ఇస్తారు. రెండు నిమిషాలు ఆలోచించుకోమంటారు. తరువాత పది పదిహేను నిమిషాలు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకోవాలి. పరీక్షకులు వెనుక కూర్చుని రాసుకుంటారు.

గత నవంబరులో మా షాదీఖానాలో మొదటిసారి ఈ అభ్యాసం పెట్టాం. ఎనిమిది మంది వచ్చారు, అందులో ముగ్గురు అమ్మాయిలు. ఆన్‌లైన్ వ్యాపారం వల్ల చిన్న దుకాణాలు మూతపడతాయా అన్నది అంశం. ఇద్దరబ్బాయిలు ఒకేసారి అరిచారు. గొంతు పెద్దదైతే మార్కులు పెద్దవనుకున్నట్టుంది. మిగతావారు బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. చివరి నిమిషంలో ఒక అమ్మాయి, "ఇందాక అన్న చెప్పిన అద్దె సంగతి, తమ్ముడు చెప్పిన అరువు సంగతి కలిపి చూస్తే, అరువు ఇచ్చే దుకాణం మిగులుతుంది, ఇవ్వలేనిది పోతుంది" అంది. అంతే. ఆ రోజు జరిగిన చర్చలో ముందుకు కదిలిన మాట అదొక్కటే. ఇతరులు చెప్పింది విని, దాన్ని పట్టుకుని ఒక అడుగు వేయడం. పరీక్షకులు వెదికేది ఇదేనని అబ్బాయిలకు చెబితే నమ్మలేదు. ఆ అమ్మాయిని ముందే ఎందుకు మాట్లాడలేదని అడిగాం. "మధ్యలో మాట్లాడితే బాగుండదని అమ్మీ చెప్పింది" అంది.

రెండో అంశంగా రిజర్వేషన్లు ఇచ్చాం. గది మొత్తం నిశ్శబ్దం. "మనం మాట్లాడితే వేరే అర్థం వస్తుంది చాచా" అన్నారు. ఇది చాలా లోతైన గాయం, దీన్ని తేలికగా తీసుకోకూడదు. ఉమ్మడి పౌరస్మృతి, తలాఖ్, హిజాబ్, సరిహద్దు ఉద్రిక్తత, ఏ మాట వచ్చినా చుట్టూ ఉన్న కళ్ళన్నీ ఒక్కరివైపే తిరుగుతాయని మన పిల్లలకు తెలుసు. తిరుగుతాయి కూడా. మరి దానికి మందు తలదించుకోవడమా?

మందు సమాచారం. రిజర్వేషన్ అంశం వస్తే, తెలుగు రాష్ట్రాలలోని బి.సి.-ఇ కోటా మతం పేరిట ఇచ్చినది కాదని, 2007 చట్టం వెనుకబాటుతనాన్ని ప్రాతిపదికగా తీసుకుని 14 వర్గాలకు ఇచ్చిందని, సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు అందులో లేరని, 2010లో హైకోర్టు కొట్టివేసినా అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నడుస్తోందని చెప్పగలగాలి. పౌరస్మృతి వస్తే 44వ అధికరణం ఆదేశిక సూత్రాలలో ఉందని, 25వ అధికరణం ప్రాథమిక హక్కులలో ఉందని, ఆ రెండింటి మధ్య వాదం రాజ్యాంగ సభలోనే మొదలైందని తెలియాలి. తలాఖ్ వస్తే 2017 తీర్పుకు కారణమైన పిటిషన్లు వేసినవారిలో ముస్లిం స్త్రీలే ఉన్నారన్నది తెలియాలి. ఈ విషయాలలో మన పిల్లలు మాతో ఏకీభవించాలని కూడా మేము కోరం. తనకు వేరే అభిప్రాయం ఉంటే అదే చెప్పనివ్వండి, కాకపోతే కారణంతో చెప్పాలి. "మా సముదాయమంతటి తరఫున నేను చెప్పలేను సార్, నా అభిప్రాయం మాత్రం ఇది" అనే వాక్యాన్ని మూడు భాషల్లోనూ తడబడకుండా అనగలిగేదాకా అనిపించాలి. మర్యాదగా అంటే అది ఎదురు మాట కాదు. పౌరుడి మాట.

ప్రశ్న అవమానకరంగా ఉంటే? శాంతంగా జవాబు చెప్పి బయటికి రావాలి. వచ్చిన వెంటనే తేదీ, సమయం, అడిగిన మాటలు యథాతథంగా కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం ఆధారంగా ఆ సంస్థకు ఫిర్యాదు రాసి పెట్టే పని మాది. జీవితమంతా మేము చేసింది అదే కదా.

గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేక మరొక విషయం ఇక్కడే చెబుతున్నాం. దీనివల్ల మన పిల్లలు సీట్లు పోగొట్టుకుంటున్నారు. రాష్ట్రంలో బి.సి.-ఇ ధ్రువపత్రం ఉన్న షేక్ పిల్లవాడు క్యాట్ దరఖాస్తులో ఓబీసీ అని టిక్కు పెడుతున్నాడు. బి.సి.-ఇలోని షేక్ వర్గం కేంద్ర ఓబీసీ జాబితాలో లేదు. దూదేకుల, నూర్‌బాషా వర్గం మాత్రం ఉంది. ఐఐఎంలలో చెల్లేది కేంద్ర జాబితా. దరఖాస్తు గడువు ముగిశాక కేటగిరీ మార్చరు. తీరా పత్రాల పరిశీలన నాడు తెల్లమొహం వేయాల్సి వస్తుంది. కేంద్ర జాబితాలో లేని వర్గానికి చెంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, భూమి మొదలైన ఆస్తుల పరిమితులు దాటనివారికి 2019 నుండి అమలులో ఉన్న 10 శాతం ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా వర్తిస్తుంది. "మీరు బి.సి.-ఇ కదా, మీకు ఇది రాదు" అని తహసీల్దారు కార్యాలయాల్లో తిప్పి పంపుతుంటారు. పంపితే తిరిగి రాకండి. కేంద్ర సంస్థలో ప్రవేశం కోసమని రాసి ఇవ్వండి, కాదంటే కాదని రాతపూర్వకంగా ఇమ్మనండి. రాసి ఇమ్మన్నమాట వినగానే సగం బల్లలు మెత్తబడతాయి. ఇది మా స్వానుభవం, బల్లకు అవతలివైపు నుండి.

ఇక ఆడపిల్లల మాట. హిజాబ్ తీసి వెళ్ళమని ఒక పెద్దమనిషి, తీసి వెళ్తే వెళ్ళనే వద్దని ఇంకో పెద్దమనిషి. ఇద్దరూ ఆమెను అడగరు. ఏం ధరించాలో ఆ అమ్మాయి తేల్చుకుంటుంది. దాని గురించి అడిగితే ఏం చెప్పాలో కూడా ఆమే తేల్చుకుంటుంది. పెద్దలుగా మనం చేయాల్సింది హైదరాబాదుకో బెంగళూరుకో ఆమెతో పాటు బస్సెక్కడం. నిరుడు ఒకమ్మాయికి పిలుపు వచ్చిన రోజే చిన్నాన్న కూతురి నిఖా పడింది. "పెళ్ళి మళ్ళీ రాదు, పరీక్ష మళ్ళీ వస్తుంది" అన్నారు ఇంట్లో. పరీక్ష మళ్ళీ రాలేదు. ఆ అమ్మాయికే ఆ తరువాత నిఖా అయిపోయింది. ఈ వాక్యం రాయడానికి మాకు చాలాసేపు పట్టింది, ఎందుకంటే ఆ ఇంటి భోజనానికి మేమూ వెళ్ళాం.

చివరిగా మన సంఘాలతో ఒక తగవు. ఏటా జూన్ వస్తే ప్రతిభా పురస్కార సభలు పెడతాం. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు, వేదిక మీద పదిహేను కుర్చీలు, వాటిలో పదిహేనుగురు పెద్దలు. పిల్లవాడు వేదికెక్కి శాలువా కప్పించుకుని, ఫోటో దిగి, దిగిపోతాడు. రెండు గంటల సభలో అతనికి మైకు ఇవ్వరు! మాట్లాడేది మనమే. మన షాదీఖానాలు పెళ్ళి ముహూర్తాలు లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. బ్యాంకు మేనేజర్లుగా, లెక్చరర్లుగా, తహసీల్దారులుగా పదవీ విరమణ చేసినవారు ప్రతి పట్టణంలో పదిమందికి తక్కువ లేరు, సాయంత్రాలు ఏం చేయాలో తోచక టీవీల ముందు కూర్చుంటున్నారు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక గడియారం. ఇంతకు మించి ఖర్చేముంది? ఒక ఫ్లెక్సీ మానేస్తే ఏడాదంతా టీ సరిపోతుంది. హిందూ మిత్రులను, దళిత సంఘాల పెద్దలను కూడా ప్రశ్నలు అడగడానికి పిలవండి. మన పిల్లలకు మనమే ప్రశ్నలు వేస్తే వాళ్ళకు అలవాటైన మొహాలే కనబడతాయి. ప్రభుత్వం నడిపే మైనారిటీ స్టడీ సర్కిళ్ళలో వ్రాత పరీక్షల శిక్షణతోపాటు ఇంటర్వ్యూ అభ్యాసం కూడా తప్పనిసరి చేయాలని, మేనేజ్‌మెంట్ సంస్థలు తమ ఇంటర్వ్యూ కమిటీలలో అన్ని వర్గాలవారికీ చోటివ్వాలని అడగవలసిందే. అడుగుతూనే ఉందాం. కానీ షాదీఖానా తాళంచెవి ప్రభుత్వం దగ్గర లేదు.

తుక్కు దుకాణం పిల్లవాడు మళ్ళీ క్యాట్ రాశాడు. ఈసారి మా గదికి వచ్చినప్పుడు సలహాలేవీ ఇవ్వలేదు. బల్లకు అవతల నలుగురం కూర్చున్నాం, మస్జిద్ ముతవల్లి గడియారం పట్టుకున్నారు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగాం. మొదట బల్లకేసి చూశాడు. తరువాత తలెత్తి, "తుక్కు కొంటారు సార్" అన్నాడు. బీడుకూ ఇనుముకూ ధర ఎందుకు తేడా ఉంటుందో, సైకిలు మీద తెచ్చేవాడికి అదే పూట డబ్బివ్వకపోతే మర్నాటి నుండి ఎందుకు రాడో చెప్పుకుంటూ పోయాడు. ముతవల్లి సాబ్ గడియారం చూడడం మరచిపోయారు.